మెడ వెనక్కి వాలిస్తే ఆగే చప్పుడు

దాచుకున్న తప్పు గుండె మీద బరువుగా ఉంటుందని అంటారు. నాకు మాత్రం అది ఇన్నేళ్లుగా కుడిచేతి రెండు వేళ్లలో ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా అమ్మకు చెప్పలేదు. నా భర్తకు చెప్పలేదు. ఎవరికి చెప్పాలో వాడికసలే చెప్పలేదు.

శాలిబండలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. బాపుది నల్లా పైపులు బాగుచేసే సర్కారు నౌకరి. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఎవరూ అనుకోకుండా నాకొక తమ్ముడు పుట్టాడు. వాణ్ని ఇక్కడ వంశీ అందాం.

వంశీ ఊపిరి తీస్తే చప్పుడయ్యేది. పైన సన్నటి ఈల, దాని అడుగున గరగర. పాలు తాగుతుంటే పెరిగేది, ఏడిస్తే ఇంకా పెరిగేది. ఛాతీలో కఫం అని అమ్మ అనుకుంది. మేడ మీద ఉండే, మేం ఖాలా అని పిలిచే పెద్దావిడ వాము కాచి ఇమ్మంది. వీధి చివరి డాక్టరు ఉబ్బసం అన్నాడు. అందరూ భయపడ్డారు.

నాకు భయం వేయలేదు. ఇది దాచకుండా చెప్పాలి. నాకు ఆసక్తి పుట్టింది. వాడి వీపుకు చెవి ఆనించి వినేదాన్ని. ఈ చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోంది? ఛాతీలోంచా, గొంతులోంచా? రోజంతా ఒకేలా ఎందుకు ఉండదు? నిద్రలో వాడు తల బాగా వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి పడుకునేవాడు. మెడ నొప్పి పుడుతుందని అమ్మ తల కింద దిండు పెట్టేది. దిండు పెట్టగానే గరగర మొదలయ్యేది. అది నేనొక్కదాన్నే గమనించాను.

ఒక మధ్యాహ్నం దిండు తీసేసి, వాడి భుజాల కింద నా మోచేయి పెట్టాను. తల వెనక్కి వాలింది. చప్పుడు దాదాపు ఆగిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ ఆగింది. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కాగితం రాయాల్సిన పని ఉండేది కాదేమో.

ముందుకు వంచితే ఏమవుతుందో చూడాలనిపించింది. రెండు వేళ్లు వాడి మెడ వెనక పెట్టి, గడ్డం ఛాతీకి ఆనేదాకా మెల్లగా నెట్టాను. ఈల పెద్దదైంది. వాడి కళ్లు విప్పారాయి. పెదాల రంగు మారబోతుంటే వదిలేశాను. ఒక్కసారి చేసి మానలేదు. నా లెక్క నిజమేనని రూఢి అయ్యేదాకా చేశాను. రూఢి అయ్యాక కూడా చేశాను. ఆ తర్వాత ఎందుకు చేశాను?

అప్పటిదాకా ఆ ఇంట్లో నేను బిందెలు మోసే పిల్లను. వంశీ వచ్చాక మారింది. వాడు గుక్కపట్టి ఏడిస్తే అమ్మ మిషన్ ఆపి వాణ్ని నా చేతుల్లో పెట్టేది. నేను వాణ్ని కాస్త వెనక్కి వాల్చి పట్టుకునేదాన్ని, అంతే. “గీ పోరి చేతుల ఏమున్నదో గని, ఎత్తుకుంటే సాలు పిలగాడు సల్లబడ్తడు,” అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నా చేతిలో షిఫా ఉందని, అంటే రోగం మాన్పే గుణం ఉందని, ఖాలా నా నుదుటి మీద ముద్దు పెట్టింది. అది నాకెంత బాగుండేదో ఎలా చెప్పను?

వాడికి రెండో ఏడు రాగానే పురానాపూల్ దాటి ఒక పెద్ద పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఓపికగా విన్నాడు.

“ఎట్ల పండుకోబెడితే చప్పుడు తక్కువైతది అమ్మా?”

“నాకు ఎర్క లేదు సార్. మా బిడ్డ ఎత్తుకుంటే తగ్గుతది. దాన్నే అడుగుండ్రి.”

ఆయన నా వైపు తిరిగాడు. “ఎట్ల ఎత్తుకుంటవ్ బేటా? చేసి చూపియ్.”

నేను వంశీని తీసుకుని, అందరూ ఎత్తుకున్నట్టే భుజం మీద నిటారుగా వేసుకున్నాను. ఈల అలాగే ఉంది.

“ఇంట్ల ఇంకేమన్న చేస్తవా?”

“లేదు సార్. మామూలుగనే ఎత్తుకుంట. ఎందుకు తగ్గుతదో నాకు తెల్వది.”

ఆయన నోటితో పీల్చే మందు పంపు రాసిచ్చాడు. నేనెందుకు చూపించలేదు? చూపిస్తే, ఎలా కనిపెట్టావని అడుగుతాడు. అడిగితే వేళ్ల సంగతి బయటపడుతుంది. ఇదొక భయం. రెండోది చెప్పడానికి ఇంకా సిగ్గు. ఆ కిటుకు అమ్మకు తెలిస్తే అమ్మే చేసుకుంటుంది. ఇక నా అవసరమేముంటుంది?

పంపుతో రెండేళ్లు గడిచాయి. అన్నం మెత్తగా పిసికి పెడితేనే వంశీ మింగేవాడు. మింగేటప్పుడూ తల వెనక్కి వాల్చేవాడు. నఖ్రాలు చేస్తూ వేషాలేస్తున్నాడని అమ్మ కసిరేది, నేను పక్కనే కూర్చుని తినేదాన్ని. ఒక పెళ్లి దావత్‌లో మటన్ ముక్క వాడి గొంతు దిగువన ఇరుక్కుంది. నీలంగా మారిన వాణ్ని భుజాన వేసుకుని బాపు ఆటో కోసం పరుగెత్తాడు.

ఆసుపత్రిలో గొట్టం వేసి ముక్క తీశారు. సరిగ్గా అక్కడే ఎందుకు ఆగిందని అనుమానం వచ్చి స్కానింగ్ చేశారు. ఆపరేషన్ చేసే డాక్టరు మాకు బొమ్మ చూపించాడు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం ఒకవైపుగా వంగి పోవాలి. వంశీకి పుట్టుకతోనే అది రెండుగా చీలి, ఒక పాయ గాలిగొట్టం ముందు నుంచి, ఒక పాయ అన్నవాహిక వెనక నుంచి వెళ్లి కలిసిపోయింది. మధ్యలో ఆ రెండు గొట్టాలూ ఉంగరంలో వేలిలా బిగుసుకున్నాయి.

“పండుకున్నప్పుడు మెడ ఎనకకు వాలిస్తే చప్పుడు తగ్గుతుండెనా? ఎవరన్న చూసి చెప్పుంటే అప్పుడే అనుమానపడేటోళ్లం,” అన్నాడాయన.

“మేం సూడలే సార్,” అంది అమ్మ.

నేను అమ్మ వెనకే ఉన్నాను. ఆ బొమ్మ చూడగానే నాకు ముందు కలిగింది ఏడుపు కాదు. ‘ఓ, అందుకా!’ అనిపించింది. లెక్క తేలిన సంబరం. ఆ క్షణం నాకిప్పటికీ అసహ్యం.

చిన్న పాయ కత్తిరించి ముడివేశారు. వంశీ బతికాడు. అయితే నొక్కుకుపోయిన గాలిగొట్టం పూర్తిగా గట్టిపడలేదు. ముందే చేసుంటే ఎంత తేడా ఉండేదో చెప్పలేమన్నారు. ఆ ‘చెప్పలేం’ అనే మాట వెనక చాలాకాలం దాక్కున్నాను.

వాడిప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకుంటాడు. మొన్న మా ఇంటికొచ్చి, వీపు మీది కుట్ల మచ్చ తడుముకుంటూ అడిగాడు. “అక్కా, నేను అప్పుడు ఊపిరి ఎట్ల తీస్తుంటి? అమ్మ ఏడుస్తది గని చెప్పది. నీకు యాదికున్నదా?”

వాడిలోనూ అదే ఆసక్తి. తన ఒంటి గురించి తనకు తెలియనిది తెలుసుకోవాలని. ప్రపంచంలో ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

“నాకేం యాదికి లేదురా,” అన్నాను.

యాదికుంది. తెలిసి నెట్టాను. తెలిసి దాచాను. డాక్టరు అడిగితే లేదన్నాను, తమ్ముడు అడిగితే యాదికి లేదన్నాను. ఈ మాటల్ని ఇలా ఒకదాని పక్కన ఒకటి పెట్టడం ఇదే మొదటిసారి. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఒక్క మనిషికైనా అబద్ధం లేకుండా చెప్పాను. వాడికి చెప్పాల్సింది ఇంకా ఉంది.