మామ్మ పేరు ఏ ఇంట్లో ఉంది

పాలిటెక్నిక్ చదివితే ఇంటరు చదివినట్టా కాదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లో చదివినట్టే అనేవారు. పక్కింటివాళ్ళు అంతకంటే తక్కువే అనేవారు. ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో ఏడులో నేరుగా సీటు తెచ్చుకున్నాక ఇద్దరూ నోరు మూసుకున్నారు గానీ, ఫీజు రీయింబర్స్‌మెంటు దరఖాస్తు మాత్రం మొదటి గడిలోనే ఇంటర్ హాల్‌టికెట్ నంబరు అడిగింది. లేని నంబరు ఎక్కణ్ణించి తెచ్చి వెయ్యను?

నాది ఇంకో చిక్కు కూడా. డిప్లొమా అయ్యాక ఏడాదిపాటు అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరిపీచు యూనిట్‌లో మోటార్లు చూసే పనికి వెళ్ళాను. కాలిపోయిన మోటారు విప్పడం అక్కడ నాకొక్కదానికే తెలుసు కాబట్టి ఓనరుగారు నన్ను "ఇంజనీరుగారూ" అని పిలిచేవారు. ఆయన వేళాకోళానికే అనేవారేమో, నేను మాత్రం నిజమనుకుని ఇంజనీరింగు పిచ్చి పట్టించుకున్నాను. మధ్యలో ఏడాది ఖాళీ ఉన్నవాళ్ళకి, డిప్లొమా నుంచి వచ్చి చేరినవాళ్ళకి ఫీజు రాదని అంతకుముందు అందరూ చెప్పేవారు. సరిగ్గా నేను చేరిన ఏడు, పరిధి పెంచారు, ఇప్పుడు మీలాంటివాళ్ళకీ ఇస్తారు అన్నారు. ఎవరు పెంచారో, ఎంతవరకు పెంచారో చెప్పగలిగిన మనిషి ఒక్కరూ దొరకలేదు. కాలేజీ ఆఫీసులో అడిగితే మా ఊరి సచివాలయంలో తెలుస్తుందన్నారు. సచివాలయంలో అడిగితే కాలేజీ లాగిన్‌లో ఉంటుందన్నారు. ఆ నెలలో నేను తిరిగినన్ని సార్లు కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కూడా తిరిగి ఉండదు.

నాన్న కౌలుకి వరి చేసేవారు. ఫీజు వస్తే చదువుకో, రాకపోతే మళ్ళీ పనికెళ్దువుగాని అని మెత్తగానే చెప్పారు. ఆయన మెత్తగా చెప్పారంటే ఇంక మాట మారదని అర్థం. దరఖాస్తుకి శనివారం ఆఖరు. సీటు ఉంటుందో, పీచు యూనిట్ గేటు దగ్గరికి మళ్ళీ వెళ్ళాలో ఆ శనివారానికి తేలిపోవాలి.

బుధవారం నాన్న, నేను సచివాలయానికి వెళ్ళాం. కంప్యూటరు ముందున్న అమ్మాయిది ఇంచుమించు నా వయసే. హాల్‌టికెట్ గడిలో డిప్లొమా పిన్ నంబరు వేసి చూద్దామంది. తీసుకుంది. కంప్యూటరు ఎందుకు తీసుకుందో ఆ అమ్మాయికీ తెలియదు. ఖాళీ ఏడాదికి పీచు యూనిట్ వాళ్ళిచ్చిన కాగితం ఎక్కించింది. అదీ తీసుకుంది. నాన్న మొహం విప్పారింది. అంతలో తెర మీద ఎర్రటి వరస ఒకటి వచ్చింది. కుటుంబంలో ప్రభుత్వ పెన్షనరు ఉన్నారు, అనర్హులు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ ఆ పూజారి ఎవరో కూడా కనపడలేదు.

"మా ఇంట్లో పెన్షనర్లెవరున్నారమ్మా?" అని నాన్న నిజంగానే ఆశ్చర్యపోయి అడిగారు. ఆ అమ్మాయి తెర మా వైపు తిప్పింది. అక్కడ మా ఇంటి పెద్దగా మా మామ్మ పేరు ఉంది.

మా తాతగారు కాలవ మీద లస్కరు. తూముల తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. ఆయన పోయాక మామ్మకి వచ్చే కొద్దిపాటి పింఛనుని మేమెవరం ప్రభుత్వ ఉద్యోగంతో కలిపి ఆలోచించలేదు. అది మామ్మ మందులకి, చీటీకి సరిపోయే డబ్బు. నేను డిప్లొమా చదివిన మూడేళ్ళూ అది ఎవరికీ అడ్డు రాలేదు. ఇళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే సర్వే ఆ తరవాత జరిగింది.

మామ్మ పేరు ఆ సర్వేలోనే ఎక్కిందని ఆ అమ్మాయి చెప్పగానే తప్పు ఎవరిదో నాకు తెలిసిపోయింది. ఎందుకంటే ఆ రోజు అరుగు మీద నేనూ ఉన్నాను. మామ్మ కొబ్బరాకుల ఈనెలు చీరుతూ కూర్చుంది. మా ఇంటి చీపుళ్ళన్నీ ఆవిడ చేతివే. సర్వేకి వచ్చినాయన ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడగ్గానే "ఇంటికి పెద్దదాన్ని నేనండి, నన్ను ముందు రాయండి" అంది. నేనైనా ఊరుకున్నానా? మా తాతగారు గవర్నమెంటు ఉద్యోగి అండీ, మామ్మకి పింఛను వస్తుందండీ అని నేనే ముందుకొచ్చి చెప్పాను. మా వైపు కొత్త మనిషి గుమ్మంలోకి వస్తే కాఫీ ఇవ్వడం ఎంత మామూలో, ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా ఉన్న ప్రభుత్వ ఉద్యోగం చెప్పడమూ అంతే మామూలు. ఆయన కాఫీ తాగాడు, రాసుకున్నాడు. ఆ బుధవారం సచివాలయం నుంచి ఇంటికి వెళ్ళే దారిలో ఆ సంగతి నాన్నతో చెప్పేశాను. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నారు.

దీనికి దారి మేం బయల్దేరేముందే సచివాలయం అమ్మాయే చెప్పింది. కొత్తపేటలో మా పెదనాన్న ఉన్నారు. ఆయన గవర్నమెంటు టీచరు, ఆయన ఇంటికి ఎలాగూ ఏ పథకమూ రాదు. మామ్మ పేరు మా ఇంట్లోంచి తీసి ఆయన ఇంట్లోకి మార్చేస్తే మా వరస పచ్చగా అవుతుంది. మామ్మ ఒప్పుకుని వేలిముద్ర వేస్తే చాలు. ఎవరికీ నష్టం లేదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నాన్నకి మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. అన్నదమ్ములు వేరు పడ్డప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటుందని పట్టుబట్టి తెచ్చుకున్న మనిషి ఆయన. ఆ రాత్రి పెదనాన్నకి ఫోన్ చేస్తే ఆయన వెంటనే సరేనని, "ఇన్నాళ్ళకి అమ్మని నాకిచ్చేవన్నమాట" అని నవ్వారట. ఆ నవ్వు నాన్నకి మింగుడుపడలేదు. మామ్మతో ఈ మాట నేను చెప్పను, కావాలంటే నువ్వు చెప్పుకో అన్నారు.

గురువారం పొద్దున్న నేనే చెప్పాను. మామ్మ ఈనెలు చీరడం ఆపలేదు. కత్తి ఆకు వెంట జర్రున జారుతూనే ఉంది.

"అయితే నేనిక్కడ ఉండకూడదా?" అంది.

ఉండాలి, పేరు మాత్రమే అక్కడికి వెళ్తుంది అన్నాను.

"పేరక్కడ, మనిషిక్కడానా. మరి నా ఓటో?"

తెలియదన్నాను.

"పోయేక నన్ను ఏ ఇంట్లోంచి తీస్తారే?"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎందుకొచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు, తలుచుకుంటే సిగ్గేస్తుంది. మామ్మ నవ్వలేదు. కాసేపటికి కత్తి పక్కన పెట్టి, కట్టుకెళ్ళడానికి మంచి చీర తియ్యమంది.

సచివాలయంలో మామ్మ వేలిముద్ర పడలేదు. కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, చూపుడువేళ్ళు, ఏదీ పడలేదు. ఏళ్ళ తరబడి ఈనెలు చీరి చీరి ఆ వేళ్ళ మీద గీతలే లేవు. ఆ అమ్మాయి గుడ్డతో తుడిచింది, కొబ్బరినూనె రాసింది, మళ్ళీ తుడిచింది. వెనకాల వరసలో నిలబడ్డవాళ్ళు తలా ఒక చిట్కా చెప్పారు. మా ఇంట్లోంచి మామ్మని తియ్యడం కంప్యూటరుకే ఇష్టం లేదేమోనని నాకు ఒక్క క్షణం అనిపించింది. వెంటనే, శనివారం దాటిపోతుందన్న భయమూ వేసింది. ఆ రెంటిలో ఏది ఎక్కువో అడిగితే చెప్పలేను. చివరికి కంటిపాప చూసే మిషను తెప్పించారు. మామ్మ కళ్ళద్దాలు తీసి, రెప్ప వెయ్యకుండా అందులోకి చూసింది.

"మామ్మగారూ, మీ ఇష్టంతోనే మారుతున్నారాండీ?" అని ఆ అమ్మాయి అడిగింది. అడగాలని వాళ్ళ రూలట.

"ఆయ్" అంది మామ్మ.

శుక్రవారం మా వరస పచ్చగా అయింది. కొన్ని నెలలకి ఫీజు మంజూరైంది కూడా. పరిధి పెంచినందుకు వచ్చిందో, పాత రూలు కిందే వచ్చేదో, మామ్మని మార్చకపోయినా ఎవరైనా చూసీ చూడనట్టు వదిలేసేవారో నాకు తెలియదు. కాలేజీ ఆఫీసులో అడిగితే వచ్చింది కదమ్మా, ఇంకేం కావాలి అన్నారు. నిజమే. నాతోపాటు డిప్లొమా నుంచి చేరిన ఇంకో అమ్మాయికి రాలేదు. నాకెందుకు వచ్చింది, తనకెందుకు రాలేదు అని ఇద్దరం కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూశాం. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. తను సంక్రాంతి దాకా కూడా కాలేజీలో ఉండలేకపోయింది.

మామ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. అదే అరుగు, అదే మంచం, అవే ఈనెలు. మొదట్లో నేను వేళాకోళంగా "కొత్తపేట మామ్మగారూ" అని పిలిచేదాన్ని. ఒకసారి నాన్న నా వైపు చూసిన చూపుకి మానేశాను. మామ్మ మాత్రం పట్టించుకున్నట్టు కనపడలేదు. మర్చిపోయిందనుకున్నాను.

పోయిన నెల ఒక ఆదివారం ఇంట్లో ఉన్నాను. ట్యాబు పట్టుకుని ఒకాయన వచ్చారు. మళ్ళీ ఏదో సర్వే. నాన్న చేనుకి వెళ్ళారు, అమ్మ వంటింట్లో ఉంది. ఆయన అరుగు చివర కూర్చుని, ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ అని మామ్మనే అడిగారు. నన్ను ముందు రాయండి అంటుందేమోనని భయమేసింది. తాతగారి ఉద్యోగం సంగతి నా నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

మామ్మ ఒకసారి నా వైపు చూసింది.

"ముగ్గురండి. మా చిన్నబ్బాయి, కోడలు, మనవరాలు."

"మరి మీరో, మామ్మగారూ?"

"నేను చుట్టపుచూపుగా వచ్చేనండి. మాది కొత్తపేట."

ఆయన ముగ్గురని ట్యాబులో కొట్టారు. ఊరికే మర్యాదకి, ఎన్నాళ్ళుంటారండీ అని అడిగారు. మామ్మ కత్తి తీసుకుని ఇంకో ఆకు ఒళ్ళోకి లాక్కుంది.

"దీని చదువయ్యేదాకా ఉంటానండి" అంది.