నేను విత్తిన నాలుగు సాళ్లు

మా మరిది మనవరాలు బి.ఏ.లో చేరతానన్నప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఎవరో పోయినట్టు మొహం పెడుతున్నారు. చరిత్ర, తత్వశాస్త్రం చదివి ఏం చేస్తుందట! నాకు సంతకం తప్ప రాదు గనుక, నేను చెబుతుంటే ఈ మాటలు రాస్తున్నదీ ఆ పిల్లే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా మరిది కూడా నంద్యాలలో గది తీసుకొని అట్లాంటివే చదివేవాడు, చరిత్రా తర్కమూ. మాది ఆళ్లగడ్డ పక్కన నల్లరేగడి సేద్యం. కాపురానికొచ్చిన నాటి నుంచి జొన్న విత్తేది నేనే. ఎడ్లు లాగే గొర్రు వెనక నడుస్తూ, సాలు ఎక్కడా పలచబడకుండా గింజలు వదలడంలో నన్ను మించినవాళ్లు లేరని మా మామే అనేవాడు. ఆ ఏడు ఎండాకాలంలో నా పెనిమిటి జ్వరంతో పోయాడు. దసరాకు వాన పడి నేల పదును కుదరగానే మామ పొరుగింటి కోడలిని పిలిపించి, నన్ను గట్టు మీద కూర్చోమన్నాడు, ముండమోసిన చెయ్యి విత్తితే మొలవదని. నా కాలు మంచిది కాకనే మనిషి పోయాడని ఊరంతా అంటుంటే నేనూ నమ్మాను, నమ్మక ఏం చేస్తాను?

సెలవులకొచ్చిన మరిది గొర్రుకు అడ్డం నిలబడ్డాడు.

"మూడేండ్ల కిందట ఒక్క గింజ మొలవకపాయ. అప్పుడు వదిన ముత్తైదువే కదా నాయనా?"

"దీనికేనా రా నిన్ను కాలేజీకి పంపిండేది? డాక్టరు చదువు చదవరా అంటే కతల చదువు చదవబడ్తివి!"

"నాలుగు సాళ్లు వదినను ఇత్తనీ, చూస్తాం."

"మొలవకుంటే నీ కాలేజీ ఆ పొద్దుతో సరి. గొర్రు పట్టుకోవాల."

"పట్టుకుంటాలే."

ఆ నాలుగు సాళ్లూ విత్తాను. తరువాత అన్నం సయించలేదు. నా చేతి పాపం వాని చదువును మింగుతుందేమోనని ప్రతి ఉదయం చేనికి పోయి వంగి చూసేదాన్ని. ఆరో నాడు, పక్క సాళ్లతోపాటే, నావీ పచ్చగా లేచాయి. రెండో చేనికి పోయేటప్పుడు మామ విత్తనాల గంప తెచ్చి నా ముందు పెట్టి, ఎడ్లను అదిలించాడు.

నా చెయ్యి మంచిదే అప్పా అని నేను సంబరపడితే మరిది నవ్వలేదు.

"చేతిది ఏముంది వదినా? పదునుంది, గింజ మంచిది, మొలిచింది. మొలవకున్నా నీ తప్పు కాదు. అన్న పోయింది కూడా జరంతోనే."

ఆ పొద్దు గట్టు చాటుకు పోయి, పెనిమిటి కోసం కరువుతీరా ఏడ్చాను. అంతవరకు నాకు ఏడ్చే హక్కు కూడా లేదనుకున్నాను.

మరిది బడిపంతులుగానే బతికి, కన్నుమూశాడు. ఆ చదువుతో మాకు మేడలేమీ రాలేదు. ఇప్పుడు ట్రాక్టరు విత్తుతోంది, ఎవరి చేతినీ ఎవరూ కాదనడం లేదు, అది ఎట్లా మారిందో ఎవరికీ గుర్తూ లేదు. నేను మాత్రం ఆ నాటి నుంచి ఊళ్లో తల దించుకొని నడవలేదు.