దోలో వేయని రెండు పాయింట్లు

మా ఊరు శాన్ రోకే బాస్కెట్‌బాల్ జట్టు జెర్సీలు తొమ్మిదేళ్లు నేనే ఉతికాను. ఎవడు ఎంత ఆడాడో పేపరు చూసి తెలుసుకోవలసిన ఖర్మ నాకు లేదు. మా జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు వేసే రికో ముప్పై పాయింట్లు వేసిన రోజున కూడా వాడి జెర్సీ చంకల దగ్గర తప్ప ఎక్కడా తడిసేది కాదు. పైగా సెంటు వాసన. పదిహేడో నంబరు జెర్సీ మాత్రం బకెట్‌లో వేయగానే నీళ్లు నల్లబడేవి. కోర్టు నేల మీది పాలిష్, ఎవరెవరి గోళ్లో గీరిన గుర్తులు, నెత్తురు. ఉప్పు రుద్ది, కలమన్సి నిమ్మకాయలు పిండి, ఎండలో పరిచినా ఏదో ఒక మరక మిగిలిపోయేది. ఆ జెర్సీ దోలోది.

పూర్తి పేరు తియోదులో మగ్సినో. పందొమ్మిదో ఏట ఒక చిన్న ద్వీపం నుంచి పడవెక్కి వచ్చి, పోన్సో బాస్ కొబ్బరినూనె మిల్లులో బస్తాలు మోసే పనిలో చేరాడు. సాయంత్రం మిల్లు వాకిట్లో చెప్పులతోనే బంతాట ఆడేవాడు. జట్టు కూడా ఆ బాస్‌దే. మా కోచ్ బాంజో ఒకసారి ఆ ఆట చూడటానికి నిలబడి, ఒక సంగతి కనిపెట్టాడు. ఈ కుర్రాడు ఎవడికి అడ్డం నిలబడితే వాడి చేతికి బంతి అందడం లేదు. మర్నాడే బస్తాలు దింపించి జెర్సీ తొడిగించాడు.

అప్పటి నుంచి పద్నాలుగేళ్లు దోలోకి ఒకటే పని. అవతలి జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు వేసేవాడిని అంటిపెట్టుకుని ఉండటం. వాడు తుమ్మితే దోలో మొహం మీదే పడాలి, అంత దగ్గరగా. వాడు విసుక్కోవాలి, తిట్టాలి, మోచేత్తో పొడవాలి, చివరికి బంతిని ఇంకొకడికిచ్చి ఊరుకోవాలి. ఇంత చేసి దోలో వేసేది మూడు పాయింట్లు, మహా అయితే నాలుగు. పిల్లలు వాడిని దాటుకుంటూ పోయి రికోతో ఫొటో దిగేవాళ్లు.

మా లీగుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆట గెలిచిన రోజు యజమాని డ్రెస్సింగ్ రూముకి వచ్చి, నెల జీతం కాకుండా, ఎవడు వేసిన పాయింట్లకు తగ్గట్టు వాడికి కవరు ఇస్తాడు. మా బాస్ రేటు పాయింటుకి రెండు వందల పీసోలు. రికో కవరు ఉబ్బి ఉండేది. దోలో కవరులో ఆరొందలో ఎనిమిదొందలో ఉండేవి. వాడు దాన్ని మడిచి మేజోడులో పెట్టుకుని నవ్వుతూ ఇంటికి పోయేవాడు. నాకే ఒళ్లు మండేది.

ముప్పై మూడో ఏట వాడి కాంట్రాక్టు పూర్తికావచ్చింది. నెలకు నలభై వేలు వస్తున్నాయి. దాని మీదే ఇద్దరు ఆడపిల్లల చదువు, బస్సుల స్టాండు దగ్గర భార్య హెర్మీన్యా పెట్టుకున్న పాన్సిత్ నూడుల్స్ బండి నడుస్తున్నాయి. ఆ ఏడు లీగులో ఇంకా మూడు ఆటలుండగా బాస్ వాడిని పిలిపించాడు. నా ఉతుకుడు గది డ్రెస్సింగ్ రూముని ఆనుకునే ఉంటుంది, మధ్యలో గోడ కూడా కాదు, ప్లైవుడ్ చెక్క. అన్నీ వినబడతాయి.

"ఏరా దోలో, నీ సగటు ఎంతో తెలుసా? మూడున్నర. నెలకు నలభై వేలిచ్చి మూడున్నర పాయింట్లు కొనుక్కుంటున్నాను. నా అంత తెలివితక్కువ వాడు ఈ జిల్లాలో ఉన్నాడా?"

"బాస్, నా పని పాయింట్లు వేయడం కాదు కదా."

"మరి స్కోరు చీటీలో పాయింట్లే ఎందుకు రాస్తార్రా? మిగిలిన మూడు ఆటల్లోనూ పదేసి వెయ్యి, నీ నలభై నీకుంటుంది. వెయ్యలేదనుకో, వచ్చే ఏడాది పద్దెనిమిది. ఇష్టమైతే ఉండు."

పద్దెనిమిది వేలు! మిల్లులో బస్తాలు మోసేవాడికి ఇంతకంటే కాస్త తక్కువొస్తుంది, అంతే. పద్నాలుగేళ్లు మోకాళ్లు అరగదీసుకున్నాక వాడు మళ్లీ బస్తాల దగ్గరికే వచ్చినట్టయింది.

తర్వాతి ఆటలో దోలో షాట్లు కొట్టాడు. పద్నాలుగు పాయింట్లు వేశాడు. జనం మొదటిసారి వాడి పేరు అరిచారు. వాడు ఆపకుండా వదిలేసిన అవతలి ఆటగాడు ముప్పై ఎనిమిది వేసి మమ్మల్ని ఓడించిపోయాడు. ఆ తర్వాతి ఆటలో పదహారు. అదీ ఓడిపోయాం. బాస్ మాత్రం కోచ్ బాంజోని దులిపేసి, దోలో భుజం తట్టాడు. "చూశావా, నీలో ఉంది. ఇన్నాళ్లూ దాచుకున్నావు" అన్నాడు.

ఆ సాయంత్రం దోలో జెర్సీ తెచ్చి నా బకెట్‌లో వేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇది ఉతకక్కర్లేదురా. ఆరేస్తే చాలు."

"ఎగతాళి చెయ్యకక్కా."

"ఎగతాళి కాదు, వాసన చూడు. రికోగాడి జెర్సీలా ఉంది. కాస్త సెంటు కూడా కొట్టుకో, సరిపోద్ది."

"నాకిద్దరు పిల్లలున్నారు సోర్సింగక్కా."

"ఉంటే? వాళ్ల నాన్న ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే ఏం చెప్తారు? అవతలోళ్ల చేత ముప్పై ఎనిమిది వేయిస్తాడని చెప్తారా?"

వాడి మొహం ఎర్రబడింది. కొడతాడేమో అనుకున్నాను. జెర్సీ నా చేతిలోంచి లాక్కుని పోయాడు. నేను అన్నది ఎక్కువే, నాకు తెలుసు. అయినా ఆ మాట ఎవరో ఒకరు అనాలి కదా.

మూడో ఆట సాంతా క్లారా జట్టుతో. వాళ్ల అర్విన్ ఉమాలి అంటే లీగు మొత్తానికి హడల్. ఆటకి ముప్పై పాయింట్లు మంచినీళ్లు తాగినంత తేలిగ్గా వేస్తాడు. ఆ రోజు దోలో ఒక్క షాట్ కూడా కొట్టలేదు. చేతిలో బంతి ఉన్నా, ఎదుట ఎవరూ లేకున్నా, పక్కవాడికి ఇచ్చేశాడు. ఉమాలిని మాత్రం ఊపిరి పీల్చుకోనివ్వలేదు. ఉమాలికి వచ్చినవి ఆరు పాయింట్లు. మేం గెలిచాం.

ఆట అయ్యాక బాస్ కవర్లతో వచ్చాడు. నేను ఒక మూలన తువ్వాళ్లు మడతపెడుతున్నాను. ఒక్కొక్కరికీ ఇచ్చుకుంటూ వచ్చి దోలో ముందు ఆగి, ఖాళీ చెయ్యి చూపించాడు.

"నీది సున్నా."

"కాదు బాస్, ఇరవై నాలుగు" అన్నాడు దోలో.

"ఏం ఇరవై నాలుగు?"

"ఉమాలి రోజూ ముప్పై వేస్తాడు. ఇవాళ ఆరు వేశాడు. మిగతా ఇరవై నాలుగూ నేను వెయ్యనివ్వనివి. అవి నావి. మీ రేటు ప్రకారం నాలుగు వేల ఎనిమిది వందలు."

గదంతా గొల్లున నవ్వింది. బాస్ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. "పడని పాయింట్లకి డబ్బులా! రేపు నా మిల్లులో పగలగొట్టని కొబ్బరికాయలకి కూడా కూలి అడుగుతారు!"

దోలో నవ్వలేదు. చెయ్యి చాపుకుని అలాగే నిలబడ్డాడు. నాకు ఆగలేదు.

"నవ్వుతారేంట్రా? ఆ ఇరవై నాలుగూ పడుంటే మీ చేతుల్లో ఈ కవర్లుండేవా? ఓడిపోయిన రోజు ఎవడైనా ఇచ్చాడా మీకు కవరు?"

"నీ తువ్వాళ్లు నువ్వు చూసుకో" అన్నాడు బాస్. నవ్వు ఆగిపోయింది. "దోలో, నీకు పద్దెనిమిది కూడా దండగ. ఈ ఏడాదితో సరి."

ఆ మాటతో వ్యవహారం ముగిసిపోయేదే. కానీ ఆ గెలుపుతో మేం నాకౌట్ దశకు చేరాం. చీటీ తీస్తే మళ్లీ సాంతా క్లారాయే తగిలింది. ఒక్కటే ఆట, ఓడినవాడు ఇంటికి. కోచ్ బాంజో బాస్ ఇంటికి మూడుసార్లు వెళ్లాడు. ఉమాలికి అడ్డం నిలబడగలవాడు జట్టులో ఇంకెవడూ లేడని కాళ్లావేళ్లా పడ్డాడు.

ఆట రోజు, ఇంకో పావుగంటలో మొదలవుతుందనగా, బాస్ కాంట్రాక్టు కాగితం పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. డ్రెస్సింగ్ రూములో నలుగురూ చూస్తారని కాబోలు, దోలోని అక్కడికే పిలిపించాడు. తడి జెర్సీల మధ్య ఇద్దరూ నిలబడ్డారు.

"ఇదిగో, నలభై వేలు. నీ పట్టుదలే నెగ్గింది. సంతకం పెట్టు."

దోలో తొందరపడలేదు. వేలు పెట్టుకుని లైనులైనూ చదివాడు. ఒక చోట వేలు ఆగింది.

"సగటు పది పాయింట్లకు తగ్గకూడదు అని ఉంది."

"ఏదో ఒకటి రాయాలి కదరా. నలుగురు యజమానుల్లో నా పరువేం కాను?"

జెర్సీల మెడ లోపల నంబర్లు రాయడానికి నా దగ్గర చెరగని సిరా పెన్ను ఒకటి ఉంటుంది. దోలో దాన్ని అడిగి తీసుకుని, ఆ లైను మీద లావుగా గీత గీశాడు. పైన తన వంకర అక్షరాలతో రాశాడు: పాయింట్లు వేయకపోయినా ఇదే జీతం. రాసి కాగితం బాస్ చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు ముందు మీరు పెట్టండి బాస్."

"బెదిరిస్తున్నావా? ఆట ముందు పెట్టుకుని?"

"లేదు బాస్. మీరు సంతకం పెట్టినా పెట్టకపోయినా ఇవాళ ఆడతాను. ఉమాలిని ఆపుతాను. అది నా పని. మీరు పెట్టకపోతే, వచ్చే ఏడాది ఇంకెవరి తరఫునో మీ రికోని ఆపుతాను."

బాస్ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని బయటికి పోయాడు. సంతకం పెట్టలేదు. దోలో నా వైపు చూశాడు. భయపడ్డాడని నాకు తెలిసింది. నా సీసాలో నీళ్లన్నీ తాగేశాడు. అయినా వెళ్లి ఆడాడు.

అంత ఆట నేను మళ్లీ చూడలేదు. ఉమాలి ఎటు తిరిగితే అటు దోలో. రెండుసార్లు నేల మీద పడ్డాడు, కనుబొమ్మ పగిలింది, పట్టీ వేయించుకుని మళ్లీ వచ్చాడు. చివరి ఎనిమిది సెకన్లు మిగిలాయి. మేం ఒక్క పాయింటు ముందున్నాం. బంతి ఉమాలి చేతిలో ఉంది. వాడు కుడికి ఊగి ఎడమకి తిరిగేలోగా దోలో చెయ్యి మధ్యలో దూరింది. బంతి ఎగిరి దోలోకి చిక్కింది.

ఎదుట కోర్టంతా ఖాళీ. దోలో ఒక్కడే పరుగెత్తాడు. ఉమాలి నాలుగడుగులు వెనకబడ్డాడు. మూడు వేలమంది లేచి నిలబడి "వెయ్యి! వెయ్యి!" అని అరుస్తున్నారు. ముందు వరసలో పోన్సో బాస్ కుర్చీ ఎక్కి "వెయ్యరా దోలో!" అని గొంతు చించుకుంటున్నాడు. చిన్నపిల్ల కూడా వేయగల షాటది.

దోలో రింగు కిందకి వెళ్లి ఆగిపోయాడు. బంతిని పొట్టకి అదుముకుని నిలబడ్డాడు. ఉమాలి చెయ్యి వాడి వీపుకి తగిలేసరికి గంట మోగింది. గెలిచాం. చీటీలో దోలో పేరు ఎదురుగా సున్నా.

బాస్ కోర్టులోకి పరుగెత్తుకొచ్చాడు. సంతోషమో కోపమో ఆయనకే తెలియడం లేదు.

"పిచ్చివాడా, ఎందుకు వెయ్యలేదు? చేతిలో ఉన్న రెండు పాయింట్లు!"

దోలో ఆయాసపడుతూనే చెప్పాడు. "ఆ రెండూ వేస్తే, మీరు వాటికే డబ్బులిచ్చేవారు బాస్. రేపు ఊరంతా వాటి గురించే చెప్పుకునేది. ఇంతసేపూ నేను చేసిన పని ఎవరికీ కనబడేది కాదు."

బంతి బాస్ చేతుల్లో పెట్టి దోలో వెళ్లిపోయాడు.

తర్వాతి ఆటలో మేం ఓడిపోయాం, లీగు అక్కడితో అయిపోయింది. అది జరిగిన మూడు రోజులకు బాస్ డ్రైవరు కాంట్రాక్టు పట్టుకుని దోలో ఇంటికి వెళ్లాడు. నలభై వేలు అలాగే ఉంది, వంకర అక్షరాలు అలాగే ఉన్నాయి, కింద పోన్సో బాస్ సంతకం. దోలో దాన్ని తిప్పి పంపేశాడు. అప్పటికే బికోల్ వైపు ఒక చిన్న జట్టుకి మాటిచ్చేశాడట, ముప్పై అయిదు వేలకి.

నాకు మతిపోయింది. హెర్మీన్యా బండి దగ్గరికి పరుగెత్తుకెళ్లాను. దోలో అరిటాకు మీద పాన్సిత్ పెట్టుకుని తింటున్నాడు, కంటి మీద కుట్లతో.

"నీకు బుర్ర ఉందా? నీ మాటే నెగ్గింది కదరా! చేతికొచ్చిన నలభై వదులుకుని, అయిదు వేలు తక్కువకి అంత దూరం పోతావా?"

"బాస్ నా పంతానికి ఓడిపోయి పెట్టాడక్కా ఆ సంతకం. నేనేం పని చేస్తానో ఆయనకి ఇప్పటికీ తెలీదు."

"వాళ్లకి మాత్రం తెలుసా?"

దోలో చేత్తో మూతి తుడుచుకున్నాడు.

"ఎన్ని పాయింట్లు వేస్తావని వాళ్లు అడగలేదక్కా. ఎవరెవర్ని ఆపగలవు అని అడిగారు."