పలాస, మూడో అర

ఉత్తరాదిన జుగ్సలాయిలో మిల్లు సామాన్ల గోడౌన్‌కి మా సన్యాసిరావు ఇరవై ఆరేళ్లు స్టోర్ కీపరు. నేను ఆయన కింద సామాను మోసేవాణ్ణి. లోపలున్న ఎనిమిది ఇనప అరల రాకులకూ ఆయన మా ఊరెళ్లే రైలు ఆగే వరసలో స్టేషన్ల పేర్లు రాయించాడు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, పొందూరు, అలా విజయనగరం దాకా. "పలాస, మూడో అర" అని కేకేస్తే చాలు, బేరింగు చేతిలో ఉండేది. హిందీవాళ్లకీ అదే అలవాటైపోయింది.

నిరుడు సత్యప్రసాద్ మేనేజరుగా వచ్చాడు. అక్కడికి దగ్గర్లోనే కద్మాలో పుట్టిన తెలుగు కుర్రాడే. ఇంట్లో తెలుగు వచ్చు, గోడౌన్‌లో రాదు. వచ్చిన వారానికే కంప్యూటరు పెట్టించి, స్టేషన్ల పేర్లు చెరిపేసి ఏ, బీ, సీ అని అంటించమన్నాడు.

"పేర్లు కూడా ఉంచుదాం బాబూ, కుర్రోలకి అలవాటు" అన్నాడు సన్యాసిరావు.

"యే స్టేషన్ నహీ హై చాచా, స్టోర్ హై."

ఇది స్టేషన్ కాదు, స్టోరని హిందీలో తేల్చేశాడు సత్యప్రసాద్; చాచా అంటే బాబాయే, కానీ అక్కడ ముసలి పనివాళ్లందర్నీ అలాగే పిలుస్తారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ సిగ్గు నాకింకా ఉంది.

ఆ రోజే సన్యాసిరావు పంతం పట్టాడు. కొత్త కూలీలు సామాను తప్పు రాకుల్లో పడేస్తుంటే చూస్తూ నిలబడ్డాడు, ఒక్కటీ సర్దలేదు. నాతో మాత్రం, "కాగితం ఏటి సెప్తే అదే సేత్తాను సూర్యం. ఒక్కడుగు ఎక్కువెయ్యను" అన్నాడు.

రెండు నెలలు తిరక్కుండానే ఎక్కడో మిల్లు ఆగిపోయి, కప్లింగు కోసం లారీ వచ్చి నిలబడింది. కంప్యూటరు సీ-4 అంది. సీ-4లో గాలి ఉంది. మూడు గంటలు వెతికాం. సత్యప్రసాద్ చొక్కా చెమటతో ముద్దయింది. సన్యాసిరావు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అబద్ధమెందుకు, ఆ మూడు గంటలూ నాకు పండగే.

చివరికి సత్యప్రసాద్ దగ్గరికొచ్చి, మొదటిసారి తెలుగులో, "బాబాయ్, ఎక్కడుందో నీకు తెలుసు కదా" అన్నాడు.

మా పిచ్చి మారాజు కరిగిపోయాడు. "పొందూరు, రెండో అర" అన్నాడు.

ఆ తర్వాత వారం రోజులు సత్యప్రసాద్ ఆయన పక్కనే కూర్చుని, బాబాయ్ బాబాయ్ అంటూ, ఏది ఎక్కడుందో, ఏ మిల్లుకి ఏది సరిపోతుందో అంతా చెప్పించుకుని కంప్యూటర్‌లో ఎక్కించాడు. నేను వద్దన్నాను. "బాబాయ్ అన్నాడురా" అన్నాడు సన్యాసిరావు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, ఒకటో తారీఖున ఆయన్ని గేటు డ్యూటీకి వేశారు. ఆ రోజు నుంచి "గుడ్ మార్నింగ్ చాచా" అంటూ కార్డు ఊపి సత్యప్రసాద్ కారులో లోపలికి పోయేవాడు.

కార్డు చూపించందే ఎవరికీ గేటు తియ్యకూడదన్న రూలు కూడా సత్యప్రసాద్ పెట్టిందే. సన్యాసిరావు ఒక్కరోజూ కార్డు అడగడం మానలేదు. మొన్న పెద్ద వానలో, లోపల యజమాని మీటింగుకి ఎదురుచూస్తుండగా, సత్యప్రసాద్ కార్డు మరిచిపోయి వచ్చాడు. నేను గేటు పక్కనే ఉన్నాను. కారు అద్దం దించి, తడుస్తూ, "బాబాయ్, నేనే కదా, తియ్యి" అన్నాడు.

సన్యాసిరావు గొడుగు సర్దుకున్నాడు.

"బాబాయ్ స్టోర్లో ఉండీవోడు సార్. గేటుకాడున్నోడు చాచా. కార్డు సూపించండి."