అమ్మీతో కలకత్తాకు విమానంలో

యుద్ధం ముగిసిన తరువాతి వానాకాలంలో, ఒక బుధవారం పొద్దున్నే మాకు కలకత్తా నుంచి టెలిగ్రాం వచ్చింది. అక్కడున్న మా చెల్లెలు జుబేదాకు కడుపులో గడ్డ లేచింది. శుక్రవారంలోగా ఆపరేషన్ చేయకపోతే ప్రాణానికి ముప్పు. అమ్మీని చూస్తే తప్ప ఆపరేషన్ బల్ల ఎక్కనని చెల్లెలు పట్టుపట్టింది. ఓడ మీద పనిచేసే ఆమె భర్త అప్పుడు సముద్రంలో ఉన్నాడు. వరదకు ఒరిస్సా వైపు పట్టాలు కొట్టుకుపోయి మెయిలు రైలు ఆగిపోయింది.

అనకాపల్లి బజారులో నాది దర్జీ కొట్టు. పక్క కొట్టు సూరిబాబు బడి నుంచి మ్యాపు తెచ్చి నా బల్ల మీద పరిచాడు. "రైలుదారిన ఐదొందల యాభై మైళ్ళు బావా. ఇమానం తిన్నగా పోద్ది, నాలుగొందల డెబ్భయ్యే. మూడు గంటల్లో దింపేత్తాది," అన్నాడు. నమ్మలేక దారంతో కొలిచి చూశాను. నిజమే. నాకున్న రెండు కుట్టుమిషన్లలో ఒకటి అమ్మేస్తే రెండు టిక్కెట్లు వచ్చాయి. ఆ మధ్యాహ్నమే సూరిబాబు విశాఖపట్నం వెళ్ళి వాటిని కొనుక్కొచ్చాడు.

గురువారం ఉదయం ఆరింటికి టాక్సీలో బయల్దేరాం. ఇరవై మైళ్ళే అయినా దారంతా బురద. ఒకచోట గెడ్డ పొంగి, వాగు నీళ్ళు రోడ్డు మీదుగా పారుతుంటే మాటిమాటికీ గడియారం చూసుకున్నాను. "కంగారు పడకండి బావూ, నీరు తీత్తంది. తొమ్మిదికల్లా దించేత్తాను," అన్నాడు డ్రైవరు అప్పన్న. అరగంట ఆగి, నెమ్మదిగా దాటించి, అన్నట్టే దించాడు.

విమానాశ్రయంలో పెట్టెలతో పాటు మనుషులనీ తూస్తారు. కాటా చూసి అమ్మీ వెనక్కి తగ్గింది. "నేనేటి, బెల్లం దిమ్మనా?" అంది. గుమాస్తా నవ్వు ఆపుకుంటూ చెయ్యందించి ఎక్కించాడు. పదింటి విమానం మబ్బుల వల్ల పదకొండుకు లేచింది. పైన విపరీతమైన చలి. అమ్మీ కళ్ళు మూసుకుని దువా చదువుతూనే ఉంది. చాలాసేపటికి నేను తట్టి కిందికి చూపించాను. ఎర్రటి నీళ్ళలో రైలుకట్ట మధ్యలో తెగిపోయి ఉంది. అమ్మీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రెండుంబావుకు కలకత్తాలో దిగి, నాలుగింటికల్లా ఆసుపత్రి చేరాం. మంచం మీది జుబేదా నమ్మలేనట్టు చూసింది. "రైళ్ళు లేవన్నారు. ఎలాగొచ్చేవమ్మీ?"

"ఎగిరొచ్చేను. ఇంక లే, డాక్టరు ఎదురుసూత్తన్నాడు," అంది అమ్మీ.

ఏడున్నరకు డాక్టరు బయటికొచ్చి గండం గడిచిందన్నాడు. అక్కడే మెట్ల మీద కూర్చున్నాను.

పక్కన కూర్చున్న అమ్మీ, "మూడు గంటల దారేనా బేటా? ఐదేళ్ళుగా జుబేదా అంత దూరంలో ఉందని ఏడిసేనే," అంది. ఆ ఐదేళ్ళూ రైలు తిన్నగానే నడిచింది. పండుగ కుట్టుపని ఉందనీ, కొట్టు ఎవరు చూస్తారనీ అమ్మీని తీసుకెళ్ళడం ప్రతిసారీ వాయిదా వేసింది నేనే. ఇప్పుడు చెల్లెలు బతికి ఉంది కాబట్టి ఈ మాట సిగ్గుపడుతూనైనా రాయగలుగుతున్నాను.

పెద్దవాళ్ళతో విమానం ఎక్కేవారికి ఒక మాట. శాలువాను పెట్టెలో సర్దకండి. పెట్టెలు తీసుకెళ్ళి వెనక పడేస్తారు, మళ్ళీ దిగేదాకా చేతికి రావు. నేను కోటు విప్పి అమ్మీకి కప్పి, కలకత్తా దాకా వణుకుతూ వెళ్ళాను.