వాన పడని లోవాకిలి

నా చిన్నప్పుడు మా ఇంటి నడుమ వాన పడేది. కప్పు కారి కాదు, ఇల్లు కట్టినవాళ్ళే అలా కట్టారు. పినాంగు దీవి మీది జార్జ్ టౌన్‌లో ఒక చిన్న కూడలి చుట్టూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ పాత చీనా ఇళ్ళలో మేం అద్దెకుండేది ఒకటి. వెడల్పు బొత్తిగా తక్కువ, పొడుగు మాత్రం చెప్పలేనంత. వీధి గుమ్మంలో నిలబడి పిలిస్తే వంటింట్లో ఉన్న అమ్మకు వినిపించేది కాదు. అంత పొడుగింటికి గాలీ వెలుతురూ అందాలని మధ్యలో కొంత జాగా కప్పు లేకుండా ఆకాశానికి వదిలేసేవారు. మా నాయనమ్మ దాన్ని లోవాకిలి అనేది. తులసికుండీ అక్కడే, నీళ్ళతొట్టి అక్కడే, మా పిల్లల స్నానాలూ అక్కడే.

నాయనమ్మకు చూపు లేదు. రబ్బరు తోటలో పని చేసిన రోజుల్లోనే మసకలు మొదలై, నేను పుట్టేసరికి పూర్తిగా పోయిందట. అయినా ఆ ఇంట్లో ఆవిడ నడక చూసినవాళ్ళెవరూ చూపు లేని మనిషని అనుకునేవారు కాదు. పొద్దున్నే లేచి తులసికి నీళ్ళు పోసేది, వంటింట్లోకి వెళ్ళి తన కాఫీ తనే కలుపుకునేది. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే విసుక్కునేది. అదెలాగని నేను అడిగితే, చెంపకి చల్లగాలి తగిలితే లోవాకిలి వచ్చినట్టని, అది ఎడమ చెంపకి తగులుతున్నంతసేపూ నేరుగా నడిస్తే వంటిల్లేనని చెప్పింది. వానరోజుల్లో అయితే తొట్టిలో పడే ధార చప్పుడు విని ఇంకా చకచకా నడిచేది. నాకది పెద్ద గొప్ప విద్యలా ఉండేది.

ఒక వానాకాలం ఆ తడి గచ్చు మీద జారి పడింది. ఎముక విరగలేదు గానీ మణికట్టు బాగా వాచింది. మా నాన్న గోదాములో గుమస్తా. చాలా మెత్తని మనిషి, తల్లి అంటే ప్రాణం. ఆ వాపు చూసి అన్నం సహించలేదు ఆయనకి. ఆ వచ్చే ఆదివారమే ఎదురింటి చీనా వడ్రంగి తాతను పిలుచుకొచ్చి, ఇద్దరూ పైకెక్కి, లోవాకిలి మీద జింకు రేకులు వేసేశారు. చూసుకోవడానికి కాస్త వెలుతురు వచ్చేలా ఓ పక్క గాజు పలక కూడా పెట్టించారు. బట్టలు తడవవని అమ్మ సంతోషించింది. వానలో కూడా గచ్చకాయలు ఆడుకోవచ్చని నేను గంతులు వేశాను. నాయనమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ కోసమే కదా చేసింది, ఇంక అడిగేదేముంది?

మర్నాడు పొద్దున్న నేను నిద్ర లేచి వచ్చేసరికి నాయనమ్మ ఇంటి మధ్యలో నిలబడి ఉంది. ఒక చెయ్యి ముందుకు చాపి గాలిలో వెతుకుతోంది. రెండడుగులు మెట్ల వైపు వేసి, ఆగి, మళ్ళీ వెనక్కి తిరిగింది. నేను ఏదో ఆట అనుకుని కిసుక్కున నవ్వాను. ఆ నవ్వు వచ్చిన వైపు మొహం తిప్పి, "ఒలే గుంటా, వంటిల్లు ఏటేపుంది?" అని అడిగింది. ఆవిడ ఆ మాట అడగడం అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు. మొహంలోకి చూశాను. నాకు భయం వేసింది. చెయ్యి పట్టుకుంటే ఆ రోజు విసుక్కోలేదు, గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాత నాయనమ్మ వీధి గదిలో బల్ల మీద కూర్చుండిపోయింది. నీళ్ళు కావాలన్నా నన్నే పిలిచేది, పెరట్లోకి వెళ్ళాలన్నా నన్నే పిలిచేది. నేను బడికి వెళితే అమ్మనైనా పిలవకుండా, నేను వచ్చేదాకా బిగబట్టుకుని కూర్చునేదని తర్వాత అమ్మ చెప్పి ఏడ్చింది. దెబ్బ తగిలి బెదిరిపోయిందని నాన్న అనుకున్నారు. ఇంకా ప్రేమగా, అన్నం కూడా బల్ల దగ్గరికే తెచ్చి పెట్టేవారు. ఆ ప్రేమకి ఆవిడ మరీ ముడుచుకుపోయింది.

ఒక సాయంత్రం నాన్న పని నుంచి వచ్చి చొక్కా విప్పుతుంటే నాయనమ్మ పిలిచింది. "ఒరే, కళ్ళు మూసుకో. మూసుకునే ఎల్లి నాకు గలాసుడు నీళ్ళు తే" అంది. "ఏటమ్మా ఈ ఆట?" అని నాన్న నవ్వుతూనే కళ్ళు మూసుకున్నారు. తెరవకూడదని ఒట్టు పెట్టించుకుంది. నాకు నోరెత్తొద్దని సైగ చేసింది. నాన్న చేతులు చాపుకుంటూ బయల్దేరారు. కాస్త దూరం బాగానే వెళ్ళి, స్తంభానికి నుదురు కొట్టుకుని, పక్కకి తిరిగి, మెట్ల కింద పెట్టిన బియ్యం డబ్బా తన్నుకుని ఆగిపోయారు. నవ్వు పోయింది. "అమ్మా, నానెక్కడున్నాను?" అన్నారు.

"నానూ అదే అడగతన్నానురా" అంది నాయనమ్మ. గొంతులో కోపం లేదు. "గాలీ వానా నాకు దారి సెప్పీవి. నువ్వు ఆటి నోరు కట్టీసినావు."

నాన్న కళ్ళు తెరవలేదు. ఒట్టు గుర్తుండి కాదు. అలాగే తడుముకుంటూ వెళ్ళి స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డారు. మర్నాడు పనికి వెళ్ళకుండా వడ్రంగి తాతను పిలిచి రేకులన్నీ దింపించారు. జారకుండా గచ్చు అంచున చెక్కపట్టీలు వేయించారు, పట్టుకోవడానికి ఒక తాడు కట్టారు. ఆ తాడు ఎంత ఎత్తులో ఉండాలో నాయనమ్మనే నిలబెట్టి అడిగారు. ఆవిడ నాలుగుసార్లు మార్పించింది. తాత తన భాషలో ఏదో సణిగాడు గానీ మార్చాడు.

నాకు పెళ్ళయి క్లాంగ్ వెళ్ళిపోయాక, అప్పటికి నాయనమ్మ లేదు, ఆ వరుస ఇళ్ళన్నీ ఒక అగ్నిప్రమాదంలో పోయాయి. ఆ జాగాలో చాలా ఏళ్ళు కార్లు పెట్టుకున్నారు. పినాంగు వెళ్ళినప్పుడల్లా ఆ పక్కకి పోకుండా చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని.

ఈ మధ్య మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి, ఇళ్ళ ప్లాన్లు గీసే పిల్ల, క్లాంగులో మా ఇంటికి వచ్చింది. పినాంగులో మా కూడలి చుట్టూ కాలిపోయిన ఇళ్ళను ఒకప్పుడు ఉన్నట్టే మళ్ళీ కడుతున్నారట, ప్లాన్లు తనవేనట. తను జర్మనీలో చదువుకున్నప్పుడు ఒక పాత ఊరి కూడలిలో యుద్ధంలో కూలిపోయిన ఇళ్ళను పాత ఫొటోలు చూసి తిరిగి కట్టడం చూసిందట. ఆ ఫొటోలు ఫోనులో చూపించింది. ముక్కుపొడి డబ్బాల్లా ముద్దుగా, రంగురంగులుగా ఉన్నాయి. "అక్కడి ఓల్డ్ పీపుల్ నిలబడి ఏడ్చినారు ఆంటీ, నిజం లా" అని, ఇక్కడివాళ్ళ మాట చివర వచ్చే ఆ 'లా'తో చెబుతూ తనూ కళ్ళు తుడుచుకుంది. మంచి పిల్ల. తర్వాత ప్రశ్నలు అడిగింది. "విండోస్ ఏ కలర్? గ్రీన్ ఆ, బ్లూ ఆ?" గచ్చు పలకల మీద పువ్వు ఎలా ఉండేది, గుమ్మం పైన ఏ బొమ్మ చెక్కి ఉండేది. నాకు అన్నీ గుర్తున్నాయి. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నన్నొకళ్ళు అడగడమే పండగలా ఉండింది.

ఇల్లు పూర్తయ్యాక తీసుకెళ్ళింది. ముందు నిలబడితే గుండె ఝల్లుమంది. ఆ ఆకుపచ్చే, ఆ పువ్వే. గడప దాటి లోపలికి వెళ్ళాను. హోటలు చేస్తారట. చల్లగా ఉంది, మిషను చలి. లోవాకిలి ఉండాల్సిన చోట సోఫాలు వేశారు, పైన అద్దాల కప్పు. బయట వాన మొదలైంది. అద్దం మీద నీళ్ళు జారడం కనిపిస్తోంది గానీ చప్పుడు లేదు. ఏ చెంపకీ గాలి తగల్లేదు.

"సేమ్ ఆ ఆంటీ?" అని నా కళ్ళలోకి ఆశగా చూసింది. ఆ మొహం చూస్తే కాదనబుద్ధి పుట్టలేదు. "సేమ్ లా, అమ్మాయ్" అన్నాను. ఏడుపు మాత్రం రాలేదు. ఆ జర్మనీ ముసలివాళ్ళు ఇంట్లోకి వెళ్ళి ఏడ్చారో, కూడలిలో నిలబడే ఏడ్చారో అడగాలనిపించింది.

నాన్న స్తంభం పట్టుకుని నిలబడ్డ ఆ సాయంత్రం నుంచి నాకో అలవాటు మిగిలింది. ఎవరికి ఏ మంచి చేయబోయినా ముందు వాళ్ళనే అడుగుతాను. మా కోడలికి కూర వడ్డించే ముందు కూడా అడుగుతానని ఇంట్లో నవ్వుతారు. అయితే ఆ రోజు నేను నాన్న వైపు పాఠమే నేర్చుకున్నాను, నాయనమ్మ వైపుది నేర్చుకోలేదు. తనకు మంచి చేయబోయినవాణ్ణి ఆపి, కళ్ళు మూసుకోమని చెప్పింది ఆవిడ. కిటికీల రంగు అడగడానికి ఆ పిల్ల వచ్చిన రోజునే, ఇంకా గోడలు కూడా లేని రోజునే, ఒక్కసారి కళ్ళు మూసుకో అమ్మాయ్ అని నేనూ అని ఉండాల్సింది. అడిగినవాటికి జవాబులు చెప్పి, టీ ఇచ్చి పంపేశాను.