కాటా గదిలో గళ్ళ పట్టిక

ఎర్రగుంట్లలో సిమెంటు లారీలను తూచే సాఫ్ట్‌వేర్‌కు సూచనలు రాయడం నా ఉద్యోగం. కాటా గదుల్లోని పాత కంప్యూటర్లలో బొమ్మలూ రంగులూ తెరుచుకోవు, ఉత్త అక్షరాల ఫైలే దిక్కు. తూకంలో లోపం వచ్చి తెరమీద ఏ నంబరు పడితే కాటా మనిషి ఏం చేయాలో అందులో తెలుగులో ఉండాలి.

నేను పట్టిక గీయలేదు. నంబరు ఒక వరుసలో, దాని కిందే చేయవలసిన పని, ఆ తర్వాత ఖాళీ వరుస. చదివేవాడికి అంతకంటే ఏం కావాలి?

మేనేజరు పెదవి విరిచాడు. బనగానపల్లెలో మా మామిడితోట కొన్నవాళ్ళ మనవడు. వాళ్ళ తాత మా తాతను దొరా అనేవాడు. ఇతన్ని నేను సార్ అంటాను.

"ఇదేందప్పా, ఇంత బోడిగా ఉండాది? చుట్టూ గీతలు కొట్టి గళ్ళు చెయ్. చూస్తానే గ్రాండుగా ఉండల్ల."

"తెలుగు అక్షరాలన్నీ ఒకే వెడల్పు ఉండవు సార్. ఈడ నేరుగా ఉండే గీత ఆ పాత కంప్యూటర్లలో వంకర పోతాది."

"మీ తాత కట్టిన మేడ గోడలు కూలినాక నీకు గీతలన్నా గిట్టవేమోలే!"

గదంతా నవ్వింది. మా ఇంట్లో పెద్దలు మాట ఒక్కసారే చెప్పేవారు. రెండోసారి చెప్పడమంటే అడుక్కోవడమే. తాత ఆస్తిలో నాకు మిగిలింది అదొక్కటే. గళ్ళు గీసి ఇచ్చాను.

కాటా గదిలో గీతలు చెదిరాయి. పొడుగు వాక్యాలు విరిగి పక్క నంబరు ముందుకు జారాయి. కాటా మనిషి ఒకదానికి బదులు ఇంకొకటి చదివి, మళ్ళీ తూచాల్సిన లారీని వదిలేశాడు. ఫ్యాక్టరీ వాళ్ళు అతన్ని పనిలోంచి తీసేశారు.

మేనేజరు నా బల్ల దగ్గరికొచ్చాడు. "ఏమప్పా, శానా పెద్దింటోడివి, నేరుగా గీత గీసేది రాదా?"

నేను లేచి నిలబడ్డాను. ఫైలు మళ్ళీ తెరిచాను. ఇప్పుడు రోజూ గీతలు నేరుగా రావాలని ఆ గళ్ళలో ఖాళీలు జొనుపుతూ కూర్చుంటాను. ఒక మాట మారిస్తే పట్టికంతా మళ్ళీ కదులుతుంది.

కాటా గదికి కొత్తగా వచ్చిన మనిషి ఫోన్ చేస్తుంటాడు.

"సార్, గీతలన్నీ కలగాపులగం అయిపోయినాయి. ఏది యాడుందో తెలీడంల్యా."

"నంబరు చెప్పు," అంటాను. చెబుతాడు. గళ్ళు లేని నా పాత ఫైలు తెరిచి, ఆ నంబరు కిందున్నది చదివి వినిపిస్తాను. ఆ ఫైలును తీసేయమని ఎవరూ అనలేదు, కాటా గదికి ఇమ్మని కూడా ఎవరూ అడగలేదు.